కాలు ఎన్నో ఖండితం మీద ఉంది?

తేలు, జెర్రి, సముద్ర సాలీడు ఒకే వర్గానికి చెందినవంటే చూపుకు నమ్మబుద్ధి కాదు. తేలుకు ముందు పటకారు చేతులు, వెనక వీపు మీదికి వంగే కొండి. జెర్రికి తల దగ్గర్నుంచి చివరిదాకా జత తర్వాత జతగా కాళ్లే. సముద్ర సాలీడుకైతే ఒళ్లంటూ ఉందా అనిపిస్తుంది; నాలుగు జతల పొడుగాటి కాళ్లు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక సన్నటి కాడ. అయినా మూడూ ఆర్థ్రోపోడా, అంటే కీళ్లకాళ్ల జీవుల వర్గానివే. ఇంతవరకు శాస్త్రం పేరుపెట్టిన జంతు జాతుల్లో సుమారు 80 శాతం ఈ ఒక్క వర్గంలోనే ఉన్నాయి. దోమ, రొయ్య, పీత, సీతాకోకచిలుక, రోకలిబండ, తొలకరికి ఎర్రగా బయటికొచ్చే ఆరుద్ర పురుగు అన్నీ ఈ కోవలోవే. ఇంత వైవిధ్యంలో ఏ జీవిలోని ఏ అవయవం మరో జీవిలోని ఏ అవయవానికి సాటి అన్నది రెండు వందల ఏళ్లుగా జంతుశాస్త్రంలో నలుగుతున్న ప్రశ్న. నా వాదన ఇది: ఈ జీవుల దేహం అర్థం కావాలంటే, ఒక అవయవం ఏం పని చేస్తోందని అడిగే ముందు అది ఎన్నో ఖండితం మీద ఉందని అడగాలి. కోట్ల ఏళ్లలో పనులు ఎన్నోసార్లు చేతులు మారాయి. చోటు మాత్రం నిలకడగా ఉంది. ఆ నిలకడే ఈ వర్గం చరిత్రను చదవడానికి మనకున్న గట్టి ఆధారం.

ముందు ఉమ్మడి చట్రం సంగతి. ఈ జీవులకు లోపల ఎముకలుండవు. కైటిన్, ప్రొటీన్లు కలిసిన గట్టి పొర ఒంటికి బయట కవచంగా ఉంటుంది. రొయ్యల్లో, పీతల్లో దానికి సున్నం కూడా తోడవుతుంది. ఆ కవచం ఒంటితోపాటు పెరగదు కాబట్టి ఎదగాలంటే కుబుసం విడవాలి. అది వంగదు కాబట్టి కదలాలంటే మధ్యమధ్య మెత్తటి పొరతో కీళ్లుండాలి. గుండె వీపు వైపు, ప్రధాన నాడీదండం పొట్ట వైపు ఉంటాయి. రక్తం చాలావరకు అవయవాల మధ్య ఖాళీల్లోనే పారుతుంది. దేహమంతా ఖండితాల వరస. మూల నమూనాలో ఒక్కో ఖండితానికి ఒక జత నాడీసంధులు, ఒక జత ఉపాంగాలు. ఈ ఉపాంగాల మీదే మొత్తం కథ నడుస్తుంది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర వెంట వెళ్లిన ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త జూల్ సెజార్ సావిన్యీ, మిడత నమిలే నోటినీ సీతాకోకచిలుక చుట్టచుట్టుకునే పీల్చుగొట్టాన్నీ భాగం భాగంగా పోల్చి, రెండూ ఒకే జతల రూపాంతరాలని 1816లో చూపించాడు. అప్పటికి జన్యువుల ఊసు లేదు, పరిణామ సిద్ధాంతం స్థిరపడలేదు. ఆయన చేసిందల్లా పనిని పక్కనపెట్టి వరసను లెక్కపెట్టడం. ఆ లెక్క ఇప్పటికీ నిలిచింది.

ఆ లెక్కను తల నుంచి మొదలుపెడదాం. కళ్లున్న ముందు భాగాన్ని ఒకటో చోటు అనుకుంటే, రెండో చోట మిడతకూ జెర్రికీ స్పర్శశృంగాలుంటాయి, తేలుకు నోటి ముందుండే చిన్న కత్తెరల జత, కెలిసెరాలు ఉంటాయి. మూడో చోట తేలుకు పటకారు చేతులు, రొయ్యకు రెండో జత స్పర్శశృంగాలు. మిడతకూ జెర్రికీ అక్కడ ఉపాంగమే లేదు. నాలుగు, అయిదు, ఆరు చోట్ల మిడత, జెర్రి, రొయ్యల్లో హనువులు, రెండు జతల జంభికలు, అంటే నోటి భాగాలు ఉంటే, అవే చోట్ల తేలుకు మొదటి మూడు జతల నడక కాళ్లున్నాయి. ఇక ఏడో చోటు చూడండి. తేలుకు అక్కడ చివరి నడక కాలు. మిడతకు మొట్టమొదటి కాలు. రొయ్యకు నోటికి తిండి అందించే మొదటి జత. జెర్రికి విషం ఎక్కించే కోర. ఒకే చోటు, నాలుగు జీవుల్లో మూడు వేర్వేరు పనులు. ఇల్లు కిరాణా కొట్టుగా మారినా, కొట్టు బడిగా మారినా వీధిలో దాని ఇంటి నంబరు మారనట్టే ఈ చోట్లు కూడా. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఈ లెక్కను ఒక చోటు పక్కకు జరిపి చెప్పాయి. సాలీళ్ల, తేళ్ల వంశంలో రెండో చోటే పోయిందని, కెలిసెరాలు రొయ్య రెండో జత స్పర్శశృంగాలకు సమానమని భావించేవారు. 1998లో రెండు పరిశోధక బృందాలు, ఒకటి సాలీడులో, మరొకటి నల్లి జాతి జీవిలో, దేహాన్ని తల నుంచి తోక దాకా విభజించే హాక్స్ జన్యువులు పిండంలో ఎక్కడెక్కడ పనిచేస్తాయో గుర్తించాయి. ఏ చోటూ పోలేదని, కెలిసెరా స్పర్శశృంగానికే సాటి అని తేలింది.

పనిని నమ్ముకుంటే ఎంత తప్పుదారి పడతామో విషావయవాలు చెబుతాయి. సాలీడు విషం రెండో చోటి కెలిసెరా కొన నుంచి వస్తుంది. తేలును పోలిన అతి చిన్న జీవులు సూడోస్కార్పియన్లలో చాలా వాటికి విషం మూడో చోటి పటకారు వేళ్లలో ఉంటుంది. సముద్ర గుహల్లో బతికే రెమిపీడ్ అనే గుడ్డి జీవికి అయిదో చోటి జంభికలో. జెర్రికి ఏడో చోట. తేలు విషమైతే ఏ ఉపాంగంలోనూ లేదు, ఒంటి చిట్టచివర ఉంది. తేలు తోక అని మనం పిలిచేది అసలు పొట్ట సాగిన భాగం. అయిదు సన్నటి ఖండితాల్లోంచి పేగు చివరిదాకా వెళుతుంది, అయిదో దాని కొసన మలద్వారం ఉంటుంది, దాని తర్వాతే రెండు విషగ్రంథులున్న ఉబ్బెత్తు బుడిపె, వంపు తిరిగిన ముల్లు. దక్షిణ అమెరికాలోని అనాంటెరిస్ తేళ్లు శత్రువు పట్టుకుంటే ఈ తోకను తెంపుకుని పారిపోతాయి. దాంతోపాటు కొండీ మలద్వారమూ రెండూ పోతాయి, తిరిగి మొలవవు. అయినా అవి నెలల తరబడి బతుకుతాయని, మగవి జతకట్టగలవని 2015లో వెలువడిన అధ్యయనం నమోదు చేసింది. జెర్రి విషయం పూర్తిగా వేరు. దాన్ని వెల్లకిలా తిప్పి తల కింద చూస్తే రెండు గోధుమరంగు కొడవళ్లు ఎదురెదురుగా మూసుకుని కనిపిస్తాయి. అవి దవడలు కావు. దవడలు వాటి వెనక దాగి ఉన్నాయి. ఈ కొడవళ్లు మొండెపు మొదటి ఖండితపు కాళ్లు. పొట్టిబడి, లావెక్కి, లోపల గ్రంథి, కొన దగ్గర రంధ్రం ఏర్పడ్డాయి. ఇళ్లలో తిరిగే పొడుగు కాళ్ల స్క్యుటిజెరా జెర్రిలో ఇవి ఇంకా సన్నగా, కాలి పోలికతోనే ఉంటాయి. నడక కాలు కోరగా మారిన దారి బతికున్న జాతుల్లోనే కనబడుతుంది.

దీనికి వైద్యపరమైన ఫలితం కూడా ఉంది. విషావయవాలు విడివిడిగా పుట్టాయి కాబట్టి విషాలూ విడివిడిగానే రూపొందాయి. తెలుగు ప్రాంతాలు సహా భారతదేశంలో విస్తారంగా కనిపించే ఎర్రతేలు విషం నాడుల సోడియం ద్వారాలను తెరిచి ఉంచి, ఒంట్లో అడ్రినలిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేయించి గుండెను దెబ్బతీస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ క్రమాన్ని పట్టుకుని, 1980లలో ప్రజోసిన్ అనే మందుతో ఎందరో పిల్లల ప్రాణాలు నిలబెట్టారు. జెర్రి కాటుకు ఆ వైద్యం పనికిరాదు. రెండూ విషపురుగులే కదా అని ఒకే గాట కట్టడానికి శరీర నిర్మాణమే ఒప్పుకోదు.

తేలు అడుగు భాగం ఇంకో సాక్ష్యం. పెద్ద మండ్రగబ్బను పొట్ట పైకి ఉండేలా చూస్తే, నాలుగో జత కాళ్ల మధ్య జననాంగాన్ని మూసే చిన్న మూత, దాని వెనకే రెండు వైపులకూ విచ్చుకున్న దువ్వెనల జత కనిపిస్తాయి. వీటిని పెక్టిన్లంటారు, ఇవి తేళ్లకే ప్రత్యేకం. తేలు నడుస్తున్నంతసేపూ వీటి పళ్లు నేలను తాకుతూ వాసననూ గరుకుదనాన్నీ చదువుతాయి. మగవి వీటితోనే ఆడదాని జాడ పడతాయి. దువ్వెనల వెనక వరసగా నాలుగు ఖండితాల మీద నాలుగు జతల సన్నటి చీలికలుంటాయి, అవి పుస్తకాకార ఊపిరితిత్తుల తలుపులు. వీటిని సాలీడు పొట్టతో పోల్చి లెక్కపెట్టాలి. పొట్ట మూడో ఖండితంలో తేలుకు దువ్వెనలుంటే, సాలీడుకు అక్కడ ఊపిరితిత్తో వాయునాళమో ఉంటుంది. నాలుగు, అయిదు ఖండితాల్లో తేలుకు ఊపిరితిత్తులుంటే, సాలీడుకు దారం తీసే అవయవాలున్నాయి. పిండదశలో ఇవన్నీ కాళ్ల మొగ్గల్లాగే పొడుచుకొస్తాయి. వీటి బంధువైన గుర్రపునాడా పీతలో ఈ చోట్లలో నీళ్లలో ఆడే మొప్పల రేకులు ఇప్పటికీ ఉపాంగాలుగానే వేలాడుతున్నాయి. వాసన చూడడం, ఊపిరి పీల్చడం, గూడు అల్లడం అనే మూడు పనులకూ ఒకే రకం పొట్ట కాళ్లు మూలమని దీన్నిబట్టి అర్థమవుతుంది. తేలు నాడీ వ్యవస్థ విషయంలో తెలుగు నేల మీద కూడా మంచి కృషి జరిగింది. 1960లలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కె. పంపాపతి రావు, ఆయన శిష్యులు అప్పట్లో హెటెరోమెట్రస్ ఫుల్విపెస్ అనే పేరున్న తేలు నాడీదండం ఎలా పనిచేస్తుందో పరిశోధించారు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష సముద్ర సాలీడు దగ్గర ఎదురైంది. పిక్నోగొనిడా అని పిలిచే ఈ జీవులు సుమారు 1,300 జాతులు. ముందు ఒక తొండం, దాని పక్కన కెలిఫోర్లనే చిన్న కత్తెరలు, తర్వాత స్పర్శకు పనికొచ్చే జత, మగవి గుడ్ల ముద్దలను మోసే ఓవిజర్లనే జత, ఆపైన నాలుగు జతల నడక కాళ్లు. పొట్ట ఒక చిన్న మొటిమగా మిగిలింది. చోటు చాలక పేగు శాఖలు, బీజకోశాలు కాళ్లలోకి వెళ్లిపోయాయి. మొప్పలు లేవు, ఆక్సిజన్ చర్మం గుండానే లోపలికి వస్తుంది. ఆ వచ్చిన ఆక్సిజన్‌ను ఒంట్లో తిప్పే పనిలో బలహీనమైన గుండె కంటే కాళ్లలోని పేగు ముడుచుకుంటూ సాగే అలలే ఎక్కువ పాత్ర వహిస్తాయని 2017లో తెలిసింది. దక్షిణ ధ్రువ సముద్రాల్లోని కొలొసెండీస్ జాతుల్లో కాళ్ల విస్తారం 70 సెంటీమీటర్ల దాకా పోతుంది. ఇంతకూ ఆ కెలిఫోర్లు ఎన్నో చోటివి? 2005లో ఒక బృందం లార్వాల నాడులను పరిశీలించి, వాటి నాడులు మెదడు తొలి భాగం నుంచి వస్తున్నాయని, అంటే అవి కళ్లున్న ఒకటో చోటివని ప్రకటించింది. అదే నిజమైతే సముద్ర సాలీడు కేంబ్రియన్ యుగపు అంతరించిన జీవులకు దగ్గరై, మిగతా వర్గానికంతటికీ వేరుగా నిలబడుతుంది. మరుసటి ఏడాదే ఇంకో బృందం హాక్స్ జన్యువుల హద్దులు చూసి అవి రెండో చోటివేనని, తేలు కెలిసెరాలకు సాటి అని చూపింది. 2008లో నాడుల ఎదుగుదలను దశలవారీగా పరిశీలించిన అధ్యయనం కూడా ఈ రెండో మాటనే బలపరిచింది. ఎదుగుదలలో నాడీసంధులు ముందుకు జరుగుతాయి కాబట్టి, ఒక్క దశను చూసి చోటు నిర్ణయిస్తే పొరపాటు జరుగుతుందని ఈ వివాదం నేర్పింది.

కెలిఫోర్ రెండో చోటిదని ఒప్పుకుంటే ఒక ఆసక్తికరమైన లెక్క బయటపడుతుంది. ఓవిజర్ నాలుగో చోటిది, తేలు మొదటి కాలికి సాటి. అప్పుడు సముద్ర సాలీడు నాలుగో నడక కాలు ఎనిమిదో చోట పడుతుంది. తేలుకూ సాలీడుకూ ఆ చోట కాలే లేదు. అక్కడ పొట్ట మొదలవుతుంది. మరి అక్కడ కాలు మొలిచే శక్తి వాటికి అసలు లేదా? 2012లో సాలీడు పిండాల్లో ఆంటెనాపీడియా అనే ఒక్క హాక్స్ జన్యువును అణచిపెట్టి చూశారు. సరిగ్గా ఆ ఎనిమిదో చోట అదనపు కాళ్ల జత మొలిచి పది కాళ్ల సాలీడు తయారైంది. కాలు మొలిచే శక్తి పోలేదు, ఒక జన్యువు దాన్ని ఆపి ఉంచిందంతే. పొట్ట కుదించుకుపోయిన సంగతికీ సాక్ష్యాలున్నాయి. జర్మనీలోని హన్స్‌రూక్ పలకరాళ్లలో దొరికిన డెవోనియన్ యుగపు సముద్ర సాలీడు పేలియోయిసోపస్‌కు ఖండితాలతో కూడిన పొడవైన పొట్ట ఉంది. ఇప్పుడు బతికున్న జాతుల్లోనైతే, మిగతా ఆర్థ్రోపోడ్‌లలో పొట్టను తీర్చిదిద్దే అబ్డామినల్-ఎ జన్యువు కనిపించడం లేదు. శిలాజం చెప్పేదీ జన్యువు చెప్పేదీ ఇక్కడ ఒకేవైపు చూపుతున్నాయి.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలు లేకపోలేదు. అన్నిటికంటే బలమైనది బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త సిడ్నీ మాంటన్ లేవనెత్తింది. జీవితమంతా ఈ జీవుల నడకనూ కండరాలనూ పరిశీలించిన ఆమె, కీటకాలూ జెర్రులూ ఉపాంగం కొనతో కొరుకుతాయని, రొయ్యల వంశం మొదలుతో కొరుకుతుందని చెప్పింది. ఇంత మౌలికమైన తేడా ఉన్నప్పుడు వీటికి ఉమ్మడి పూర్వీకుడు ఉండడు, కీళ్ల కాళ్లు వేర్వేరుగా పలుమార్లు పుట్టి ఉండాలి అన్నది 1977 నాటి ఆమె గ్రంథం సారాంశం. అదే నిజమైతే చోట్లను పోల్చడమే దండగ. కానీ 1990లలో డిస్టల్‌లెస్ అనే జన్యువు మీద జరిగిన పని ఈ వాదన పునాదిని కదిలించింది. కాలి కొన ఏర్పడడానికి ఆ జన్యువు కావాలి. కీటకాల హనువుల్లో అది వ్యక్తం కాదు. అంటే కీటకం కూడా ఉపాంగం మొదలుతోనే కొరుకుతోంది. ఆ తర్వాత 2010లో 62 జన్యువులను పోల్చిన విస్తృత అధ్యయనం వర్గమంతా ఒకే మూలం నుంచి వచ్చిందని, కీటకాలు రొయ్యల వంశవృక్షం లోపలి కొమ్మేనని, సముద్ర సాలీళ్లు తేళ్ల వైపువని చూపింది. మాంటన్ పరిశీలనలు ఇప్పటికీ విలువైనవే. ఆమె తీర్మానం నిలవకపోవడానికి కారణం పనిలోని తేడాను పుట్టుకలోని తేడాగా లెక్కించడమే.

రెండో అభ్యంతరం ఖండితాల సంఖ్య గురించి. ఖండితాలే నిలకడగా లేనప్పుడు చోటు లెక్కకు విలువేముందని అడగవచ్చు. జెర్రుల్లో కాళ్ల జతలు 15 నుంచి 191 దాకా ఉంటాయి, మట్టిలో తిరిగే సన్నటి జెర్రుల్లో ఒకే జాతిలోనూ ఈ సంఖ్య మారుతుంది. రోకలిబండలోనైతే పైకి ఒక్కటిగా కనిపించే చాలా వలయాల కింద రెండేసి జతల కాళ్లుంటాయి. 2021లో ఆస్ట్రేలియాలో గుర్తించిన ఒక రోకలిబండ జాతిలో ఏకంగా 1,306 కాళ్లున్నది దొరికింది. ఈ అభ్యంతరంలో నిజముంది. మొండెం మధ్యలో ఇరవయ్యో కాలినీ ముప్పయ్యో కాలినీ జాతికీ జాతికీ మధ్య జతపరచడం అర్థంలేని పని. అయితే ఈ మార్పులు జరిగేది పిండం వెనక కొసన ఖండితాలు చేరుతూపోయే ప్రాంతంలో. తల నుంచి మొదటి ఏడెనిమిది చోట్లు ఇంత వైవిధ్యంలోనూ చెక్కుచెదరలేదు. పైగా ఆ సంఖ్యల్లోనూ ఒక కట్టుబాటుంది. పెద్దయిన జెర్రుల్లో కాళ్ల జతలు దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యే; 15, 21, 23 ఉంటాయి కాని 50 జతల జెర్రి ఉండదు. సముద్రతీరపు జెర్రి స్ట్రిగామియా పిండాల్లో మొండెపు ఖండితాలు రెండేసి ఖండితాల ప్రమాణంలో రూపొందుతాయని 2004లో చూపడంతో దీనికి కారణం చాలావరకు దొరికింది. నడకకు బేసి జతలు మేలని కాదు, తయారయ్యే పద్ధతే అంత. పనితో దీనికి వివరణ దొరకదు, నిర్మాణ క్రమంతోనే దొరుకుతుంది.

మూడో అభ్యంతరం తర్కానికి సంబంధించింది. హాక్స్ జన్యువులతో చోటు నిర్ణయిస్తున్నాం, కాని ఆ జన్యువుల హద్దులే జరగగలవు కదా, ఇది తనను తానే రుజువు చేసుకునే వాదన కాదా? హద్దులు జరగడం నిజమే. రొయ్యల వంశంలో అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువు హద్దు ఎక్కడ వెనక్కి తగ్గిందో అక్కడి నడక కాళ్లు తిండి అందించే జతలుగా మారాయని 1997లో అవెరోఫ్, పటేల్ అనే శాస్త్రవేత్తలు చూపారు. ఇంట్లో రొయ్యలు వలిచేవారు అయిదు జతల నడక కాళ్ల ముందు మూడు చిన్న జతలు నోటికి ఆనుకుని ఉండడం చూడవచ్చు. అవి ఆ రూపాంతరాలే. అయితే చోటు లెక్కపెట్టడానికి వాడేది తల భాగంలో నిలకడగా ఉన్న ఇతర హాక్స్ జన్యువుల హద్దులను. వాటిని కూడా ఒంటరిగా నమ్మనక్కర్లేదు. నాడి ఏ సంధి నుంచి వస్తోందన్నది వేరే సాక్ష్యం. శిలాజం మూడో సాక్ష్యం. చైనాలో సుమారు 52 కోట్ల ఏళ్లనాటి రాళ్లలో దొరికిన అలాల్కొమెనియస్ అనే జీవి నాడీ వ్యవస్థ అచ్చు 2013లో వెలువడింది, దాని అమరిక తేళ్ల వంశపు నాడులను పోలి ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు దారులు ఒకే చోటికి చేర్చినప్పుడు దాన్ని చక్రవాదం అనలేం. అవి విభేదించినప్పుడు, కెలిఫోర్ల విషయంలో జరిగినట్టు, ఇంకా లోతుగా చూడాల్సి వచ్చింది. తప్పు బయటపడే అవకాశం ఉండడమే ఈ పద్ధతి బలం.

ప్రకృతి వరణం జరిగేది పని మీదే కదా, చోటుకు ఇంత పెద్దపీట ఎందుకని చివరగా అడిగేవారుంటారు. పని అప్రధానమని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఏ అవయవం నిలుస్తుందో పనే నిర్ణయిస్తుంది. కాని ఆ పనికి ఏ ముడిసరుకు అందుబాటులో ఉందో చోటు నిర్ణయిస్తుంది. జెర్రికి విషం కావలసి వచ్చినప్పుడు తల వెనక ఖాళీగా దొరికింది ఒక జత కాళ్లు. పొట్ట పోగొట్టుకున్న సముద్ర సాలీడు పేగును పెట్టుకోగలిగింది కాళ్లలోనే. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే నిర్మాణం అర్థమవుతుంది, అందులోనూ ముందు తేల్చుకోవలసింది చోటే. మన డిగ్రీ తరగతుల్లో ఆర్థ్రోపోడా పాఠం ఇంకా చాలావరకు బొమ్మ గీసి భాగాల పేర్లు రాయడంతో ముగుస్తోంది. తేలుకొక పట్టిక, రొయ్యకొక పట్టిక, బొద్దింకకొక పట్టిక కంఠస్థం చేసిన విద్యార్థికి ఆ మూడూ ఒకే వరసలో లెక్కపెట్టదగినవని ఎవరూ చెప్పకపోతే, శాస్త్రంలో అసలైన ఆనందం అతనికి అందకుండా పోతుంది. ప్రయోగశాలలో ఒక రొయ్య, ఒక జెర్రి నమూనా పక్కపక్కన పెట్టి తల నుంచి ఏడు దాకా లెక్కపెట్టించడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు, ఒక భూతద్దం చాలు. సావిన్యీ మొదలుపెట్టిన ఆ లెక్కతోనే పాఠం మొదలుకావాలి. పేర్లు ఆ తర్వాత వాటంతటవే గుర్తుంటాయి.